పదిహేనో ఏడాది సంగతి

(కందుకూరులో ఇంజినీరింగ్ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక ఐటీ ఉద్యోగిని చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. అమ్మానాన్నలు కూడా రండి, ఈ మాటలు పిల్లలకి ఎంత అవసరమో మీకూ అంతే అవసరం.

ఇందాక లోపలికొస్తుంటే గుమ్మం దగ్గర ఒక పెద్దాయన ఆపారు. గుడ్లూరు వైపు నుంచి వచ్చారట. "అమ్మాయ్, మావాడు కంప్యూటర్స్ చదువుతున్నాడు, ఉద్యోగమొస్తే మొదట్లో ఎంతిస్తారు?" అని అడిగారు. చెప్పాను. పెద్ద సర్వీసు కంపెనీల్లో, అంటే వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేవాటిలో, కాలేజీ నుంచి నేరుగా చేరేవాళ్లలో ఎక్కువమందికి ఏడాదికి మూడు, మూడున్నర లక్షలు. పదిహేనేళ్ల కిందటా ఇంచుమించు అంతే ఉండేది, ఈలోపు ఇంటి అద్దెలు ఎంత పెరిగాయో మీకు తెలుసు. చేతికొచ్చేది నెలకి పాతిక వేలు అటూ ఇటూ. ఆయన తలూపి వెళ్లి కూర్చున్నారు. నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఊరికొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పదిహేనో ఏట ఈ ఉద్యోగం మా పిల్లని ఏమడుగుతుంది, మావాడి దగ్గర ఏం తీసుకుంటుంది అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకే ఇవాళ ఆ సంగతే మాట్లాడదామని వచ్చాను.

మాది ఇక్కడికి దగ్గర పల్లే. నాన్న పొగాకు రైతు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాల్చే ఇళ్లలో పెరిగినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు కాబట్టి మీకు వివరంగా చెప్పక్కర్లేదు. ఆకు కర్రలకి కట్టి లోపల ఎక్కించాక అయిదారు రోజులు పొయ్యి ఆరకూడదు. ఆకు రంగు తిరిగేదాకా ఒక వేడి, ఈనె ఎండేదాకా ఇంకో వేడి, తొందరపడి పెంచితే ఆకు మాడుతుంది, కునుకు పట్టి పొయ్యి తగ్గితే మచ్చ పడుతుంది, వేలం కేంద్రంలో రేటు పోతుంది. నాన్న బ్యారన్ పక్కన నులక మంచం వేసుకుని పడుకునేవాడు. గంటకోసారి లేచి టార్చి వేసి థర్మామీటర్ చూసి, కట్టె తోసి మళ్లీ నడుం వాల్చేవాడు. నేను చిన్నప్పుడు పక్కనే పడుకుని అనుకునేదాన్ని, చదువుకుంటే ఈ రాత్రి మేలుకోవడం ఉండదు కదా అని. నాన్న కూడా అదే అనేవాడు. "నువ్వు నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం చెయ్యాలమ్మా" అనేవాడు.

నీడపట్టున కూర్చునే ఉద్యోగమే చేస్తున్నాను. రాత్రి మేలుకోవడం మాత్రం పోలేదు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

2000-01లో పొగాకుకి పంట విరామం ఇచ్చారు, అంటే ఆ ఏడు పొగాకు వెయ్యొద్దన్నారు, పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు మా బ్యారన్‌లో పొయ్యి వెలగలేదు. నేను అప్పుడు ఇంజినీరింగ్‌లో ఉన్నాను, ఫీజు అప్పు తెచ్చి కట్టారు. 2003లో బయటికొచ్చేసరికి అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కూలిన దెబ్బ ఇంకా తగ్గలేదు, మా కాలేజీకి వచ్చిన కంపెనీలు చేతివేళ్లకి సరిపోతాయి. అందరిలాగే అమీర్‌పేట వెళ్లాను. మైత్రీవనం చుట్టుపక్కల ఏ మెట్లెక్కినా ఒక కోచింగ్ సెంటరు, ఒక హాస్టల్ గదిలో ఆరుగురం. నేను టెస్టింగ్ టూల్స్ నేర్చుకున్నాను, సాఫ్ట్‌వేర్ సరిగా నడుస్తోందో లేదో పరీక్షించేవి. విన్‌రన్నర్, లోడ్‌రన్నర్, టెస్ట్‌డైరెక్టర్, అప్పట్లో ఈ మూడు పేర్లు రెజ్యూమెలో ఉంటే చాలనుకునేవాళ్లం. నోట్సు జిరాక్సులు తీయించుకుని రాత్రంతా బట్టీ పట్టేవాళ్లం. 2004లో ఉద్యోగం వచ్చింది. నాన్న ఊళ్లో అందరికీ స్వీట్లు పంచాడు. ఇంక పిల్ల సెటిలైపోయింది అన్నాడు.

ఆ సెటిల్ అనే మాట దగ్గరే మనం ఎప్పుడూ పొరబడతాం. విన్‌రన్నర్ చేసిన కంపెనీని 2006లో హెచ్‌పీ కొనేసింది, తర్వాత ఆ టూల్ అమ్మడమే మానేశారు, వాళ్లదే ఇంకో టూల్ క్యూటీపీకి మారమన్నారు. మారాం. క్యూటీపీ పేరు మార్చారు. ఈలోపు సెలీనియం అని ఒకటొచ్చింది, డబ్బు కట్టక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. క్లయింట్లు, అంటే మాకు పనిచ్చే కంపెనీలవాళ్లు, అందరూ అదే కావాలన్నారు. కానీ దానికి ప్రోగ్రామింగ్ రావాలి, నాకు రాదు. కాలేజీలో పాసయ్యాను అంతే.

అప్పటికి నాకు ముప్పై ఒకటి. టీమ్ లీడ్‌ని, కింద ఎనిమిది మంది. మాన్యువల్ టెస్టింగ్, అంటే చేత్తో నొక్కి పరీక్షించే పని, తగ్గిపోతోందని అందరికీ కనిపిస్తూనే ఉంది, పైకి ఎవరూ అనడం లేదు. మా మేనేజర్‌ని అడిగాను, ప్రోగ్రామ్‌తో పరీక్షించే ఆటోమేషన్ టీమ్‌లోకి పంపండి, లీడ్‌గా కాకపోయినా సరే అని. పంపారు. ఆ ఏడు హైక్ లేదు, జీతం పెరగలేదు. నా పక్క సీట్లో ఇరవై నాలుగేళ్ల అబ్బాయి, నాకు పని చెప్పేది అతనే, నన్ను మేడమ్ అని పిలవడానికీ ఇబ్బంది పడేవాడు, పేరు పెట్టి పిలవడానికీ ఇబ్బంది పడేవాడు, చివరికి అక్కా అనడం మొదలుపెట్టాడు.

మొదటి వారం ఒకరోజు చెప్తాను. డబ్బు కట్టే పేజీ ఒకటుంది, అందులో బటన్ నొక్కే ప్రోగ్రామ్ రాయాలి. రాశాను. నడిపితే ఆ బటనే లేదంటుంది. కళ్లెదురుగా స్క్రీన్ మీద ఉంది బటన్. మూడు గంటలు ఆ ఒక్క లైను పట్టుకుని కూర్చున్నాను, మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. చివరికి ఆ అబ్బాయి వచ్చి చూసి, "అక్కా, పేజీ పూర్తిగా రాకముందే నీ ప్రోగ్రామ్ నొక్కేస్తోంది, కాస్త ఆగమని చెప్పాలి" అన్నాడు. ఒక్క లైను. పెట్టాను, నడిచింది. వాష్‌రూమ్‌కి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను, ఏడుపొచ్చింది కాబట్టి. వచ్చాక కూర్చుని ఆలోచిస్తుంటే ఒక అనుమానం తట్టింది. పేజీ నెమ్మదిగా వస్తే మనిషైనా ఏం చేస్తాడు, కంగారుపడి రెండుసార్లు నొక్కుతాడు కదా, అప్పుడు డబ్బు ఒకసారి పోతుందా రెండుసార్లు పోతుందా? నడిపి చూశాం. రెండుసార్లు పోతోంది. ఆ అబ్బాయికి జావా అనే ప్రోగ్రామింగ్ భాష నాకంటే పదింతలు తెలుసు, ఈ అనుమానం మాత్రం అతనికి రాలేదు. తొమ్మిదేళ్లు చేత్తో నొక్కి నొక్కి చూసినదాన్ని కాబట్టి నాకొచ్చింది.

ఇందులో నాకర్థమైంది ఇది. ఈ పనిలో టూల్స్ ఎక్కువకాలం నిలవవు, అయిదారేళ్లకోసారి కిందినుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. నేను ఇప్పటికి నాలుగుసార్లు మొదలుపెట్టాను. ఉండిపోయేవి వేరే. 2003లో నేర్చుకున్న ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాష మొన్న శుక్రవారం కూడా వాడాను, అది 1970ల్లో పుట్టింది, మీ నాన్నల వయసు దానిది. లినక్స్ కమాండ్లు ఉన్నాయి. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌తో ఎలా మాట్లాడుతుందన్నది ఉంది. ఎక్కడ తెగుతుందో పసిగట్టే బుద్ధి ఉంది. మీరు కాలేజీలో బోరు అనుకునే డేటాబేస్, నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులే ఇరవై ఏళ్లు అన్నం పెడతాయి, అందరూ ఎగబడి చేసే మూడు నెలల కోర్సు మహా అయితే మొదటి ఉద్యోగం పెడుతుంది.

కంపెనీ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. సర్వీసు కంపెనీ మనిషికి ఇంత అని, గంటకి ఇంత అని క్లయింటు దగ్గర వసూలు చేస్తుంది. దాన్నే బిల్లింగ్ అంటాం. అడుగున కొత్త పిల్లలు ఎక్కువమంది, పైన ఖరీదైనవాళ్లు కొద్దిమంది ఉంటేనే వాళ్లకి లాభం. అంటే మీతో పాటు చేరిన వందమందికీ పదిహేనేళ్ల తర్వాత పైన కుర్చీలుండవు, ఇది ఎవరి దుర్మార్గమూ కాదు, ఆ వ్యాపారం కట్టుబడే అంత. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని చెప్పినప్పుడు, అందులో ఎక్కువమంది మధ్య స్థాయి, పై స్థాయివాళ్లేనని కూడా చెప్పింది. ఆ స్థాయిలో ఉండేది నలభై దాటినవాళ్లు, పిల్లలు పదో తరగతిలో ఉండేవాళ్లు, ఇంటి అప్పు సగం కూడా తీరనివాళ్లు.

ఇంటి అప్పు అన్నాను కాబట్టి, ఒక లెక్క. పెన్ను ఉంటే రాసుకోండి. 50 లక్షల లోను, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలకి ఈఎంఐ 43 వేల పైచిలుకు. మొత్తం కట్టేది కోటీ నాలుగు లక్షలు. ఇందులో వడ్డీ ఎక్కువైందని నేను బాధపడటం లేదు, ఇల్లు కావాలి, ఎవరికైనా కావాలి. నేను చూసేది ఆ 240 నెలల్ని. ఇరవై ఏడేళ్ల కుర్రాడు ఆ కాగితం మీద సంతకం పెడితే, నలభై ఏడేళ్లు వచ్చేదాకా ఒక్క నెల కూడా జీతం తగ్గకూడదని ఒప్పుకున్నట్టే. నేను ముప్పై ఒకటో ఏట హైక్ లేకుండా కింది సీట్లోకి వెళ్లగలిగానంటే తెలివితేటల వల్ల కాదు. అప్పటికి మేం కూకట్‌పల్లిలో అద్దెకుండేవాళ్లం, మా ఆయనా నేనూ ఇద్దరం సంపాదించేవాళ్లం, నెలనెలా కట్టాల్సిన పెద్ద బాకీ లేదు. అంతే తేడా. నాతో పాటు అదే ఏడు చేరినాయన నాకంటే చాలా చురుకు. ఆయన రెండు ఫ్లాట్లు కొన్నాడు, కారు కొన్నాడు, పిల్లల్ని ఇంటర్నేషనల్ స్కూల్లో వేశాడు. ఇంటర్నెట్ మీద అద్దె సర్వర్లు నడిపే క్లౌడ్ పని వైపు వెళ్లు, ఏడాది తక్కువ జీతమైనా పర్లేదు అని అందరం చెప్పాం. "నాకూ తెలుసు, కానీ నెల గడవదు" అన్నాడు. నలభై ఒకటో ఏట ఆ ప్రాజెక్టు మూసేశారు, మూడు నెలలు బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ ఇవ్వకుండా, కూర్చోబెట్టి రాజీనామా చెయ్యమన్నారు. ఆయనకి నేర్చుకునే శక్తి లేక కాదు. నేర్చుకునేటంతసేపు నిలబడటానికి కింద నేల లేదు.

తల్లిదండ్రులకి ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. ఉద్యోగం వచ్చిన ఏడాదికే, నెల్లూరులో ఒక ఫ్లాటు తీసుకోరా, ఒంగోలులో స్థలం చూశాం లోను పెట్టుకో అంటాం. మన భయం మనది, చేతిలో డబ్బు నిలవదని. మా ఇంట్లోనూ అదే గొడవ జరిగింది. నాన్న చేత మొదటి మూడేళ్లలో ఊరి అప్పులు తీర్పించాను, చెల్లి పెళ్లి చేశాం, బోరు వేయించాం, స్థలం మాత్రం వద్దని మొండికేశాను. నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. పిల్లలకి మొదటి అయిదేళ్లు ఊపిరి తీసుకోనివ్వండి. ఏడాది ఖర్చు బ్యాంకులో పడ్డాక, అప్పుడు స్థలం మాట ఎత్తండి. కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్సు ఉద్యోగం ఉన్నన్నాళ్లే, అది పోయిన రోజు అదీ పోతుంది, కాబట్టి మీ పేరు మీదా పిల్లల పేరు మీదా విడిగా ఒక పాలసీ ఉంచుకోండి. ముప్పైల్లో తీసుకుంటే చౌక, షుగరు బయటపడ్డాక తీసుకుంటే ప్రీమియం పెరుగుతుంది, ఒక్కోసారి ఇవ్వరు కూడా.

ఇక రాత్రిళ్లు. అమెరికా క్లయింట్లతో మాట్లాడాలంటే వాళ్ల ఆఫీసు వేళకే కూర్చోవాలి. న్యూయార్కులో పొద్దున తొమ్మిదంటే మనకి చలికాలంలో రాత్రి ఏడున్నర, ఎండాకాలంలో ఆరున్నర. శాన్‌ఫ్రాన్సిస్కోలో తొమ్మిదంటే మనకి రాత్రి పదిన్నర, లేదా తొమ్మిదిన్నర. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకి తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. వాళ్లక్కడ గడియారం తిప్పితే ఇక్కడ మా ఇంట్లో అన్నం తినే వేళ మారేది. మా పాప చిన్నప్పుడు, అమ్మ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంక మాట్లాడదని దానికి తెలుసు, వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని అలాగే నిద్రపోయేది.

2021 డిసెంబరు 10, శుక్రవారం. లాగ్‌ఫోర్‌జే అని జావా ప్రోగ్రాముల్లో వాడే చిన్న లైబ్రరీ, ప్రోగ్రామ్ ఏం చేసిందో రాసిపెట్టుకునే చిట్టా పుస్తకం లాంటిది. ప్రపంచమంతా వాడుతుంది. దానిలో లోపం ఉందని, బయటివాడు ఒక చిన్న వాక్యం పంపి మన సర్వర్‌ని తన చేతిలోకి తీసుకోవచ్చని ఆ రోజు గుప్పుమంది. మేం ఆ శనాదివారాలు మా అప్లికేషన్లన్నీ ఒక్కొక్కటే విప్పి చూశాం. ఆరేళ్ల కిందట ఎవరో రాసి వెళ్లిపోయిన దాంట్లో, లోపల ఇంకో లైబ్రరీ కడుపులో దొరికింది. తెల్లవారుజామున నాలుగింటికి మార్చాం. హమ్మయ్య అనుకుని పడుకుంటే, మూడు నాలుగు రోజులకి ఆ మార్పు చాలదని ఇంకో వెర్షన్ ఇచ్చారు. అది పెట్టాక వారం తిరక్కుండా ఇంకోటి. ఆ నెలాఖరుకి మరొకటి. ఆ రోజుల్లోనే ఒక రాత్రి నాన్న ఊరినుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. రెండింటికి మంచినీళ్లకి లేచి, ల్యాప్‌టాప్ ముందు నన్ను చూసి, "ఏందమ్మా, ఇంకా బ్యారన్ దించలేదా?" అన్నాడు.

నాన్న బ్యారన్ ఏడాదికి కొన్ని నెలలే, తర్వాత నేలకీ మనిషికీ విరామం ఉండేది. మా పనికి సీజన్ లేదు, ఆ విరామం మనమే పెట్టుకోవాలి. నాకు ముప్పై ఆరేళ్లకి బీపీ వచ్చింది. డాక్టరుగారు మందు రాస్తూ, నిద్ర ఎన్నింటికి అని అడిగితే ఏ వారం సంగతి చెప్పాలో తెలియలేదు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను, వారంలో రెండు రాత్రులకి మించి పది దాటాక కాల్ తీసుకోను, తప్పనిసరైతే మర్నాడు పొద్దున సెలవు రాస్తాను. దీనివల్ల ఒకసారి రేటింగ్ తగ్గింది. తగ్గనీ అనుకున్నాను.

ఆడపిల్లలకి విడిగా చెప్పాలి. మా పాప 2011లో పుట్టినప్పుడు చట్టం ఇచ్చింది 12 వారాలు. 2017లో సవరించి 26 వారాలు చేశారు, మొదటి ఇద్దరు పిల్లలకి. మంచి చట్టం. అయితే సెలవు నుంచి తిరిగొచ్చేసరికి ప్రాజెక్టులో మన కుర్చీ అలాగే ఉంటుందని ఏ చట్టమూ చెప్పలేదు. నేనొచ్చేసరికి నా పని ఇంకొకరికి ఇచ్చేశారు, రెండు నెలలు బెంచ్ మీద, మూడు నెలల పసిబిడ్డని ఇంట్లో వదిలి ఏ పనీ లేని ఆఫీసుకి రోజూ వెళ్లొచ్చాను. మా అమ్మ ఇల్లూ గేదెలూ వదిలి హైదరాబాదు వచ్చి మూడేళ్లు ఉంది కాబట్టి ఉద్యోగం నిలిచింది. నా జీతంలో మా అమ్మ మూడేళ్లు కూడా ఉన్నాయి. నాతోటి అమ్మాయిల్లో చాలామంది ఆ మూడేళ్ల దగ్గరే మానేశారు, అత్తగారో అమ్మో రాలేకపోయారంతే. పెళ్లి మాటలప్పుడు కట్నం దగ్గర గంటలు గంటలు కూర్చుంటాం, ఈ మూడేళ్లు ఎవరు చూస్తారో ఆ రోజే అడగండమ్మా, సిగ్గుపడకండి. అబ్బాయిలూ, ఆ జవాబులో మీ పేరు కూడా ఉండాలి.

అమెరికా వెళ్తే ఇవన్నీ ఉండవనుకునేవాళ్లకి రెండే మాటలు. హెచ్1బీ, అంటే అక్కడ ఉద్యోగం చేసే వీసా, మీద ఉన్నప్పుడు ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు. వెళ్లండి, వెళ్లొద్దని నేననను, దానికోసం ఇక్కడ పొలం అమ్మి మాత్రం వెళ్లకండి.

ఏఐ గురించి అడుగుతారని తెలుసు. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న బయటికొచ్చింది. నేను మూడు గంటలు కూర్చున్న ఆ బటన్ ప్రోగ్రామ్ ఇప్పుడు అది నిమిషంలో రాస్తుంది, ఆగమనే లైను కూడా తనే పెడుతుంది. మా టీమ్‌లో స్క్రిప్టులు రాయడానికి మునుపు నలుగురు కొత్త పిల్లల్ని అడిగేవాళ్లం, ఇప్పుడు ఇద్దరితో నడుస్తోంది. ఇది మీకు నచ్చకపోయినా చెప్పాలి, అడుగు మెట్టు సన్నబడుతోంది. దాని జవాబు మీరు చదవగలగాలి, తప్పు పట్టగలగాలి. డబ్బు రెండుసార్లు పోతుందా అని అడిగేవాళ్లే ఇంకా కావాలి, అలా అడగడం కాలేజీలోనే మొదలవ్వాలి.

ఇందాక ఒకమ్మాయి చీటీ పంపింది. "మేడమ్, నాకు సివిల్ ఇష్టం, అందరూ తీసుకున్నారని సీఎస్ఈ తీసుకున్నాను, ఇప్పుడు ఈ రంగంలో చేరాలా వద్దా?" అని. ఎవరో నేను అడగను తల్లీ. నీకొక పని చెప్తాను. ఈ సెలవుల్లో నలభై రోజులు, రోజూ రెండు గంటలు, నువ్వు రాసిన ప్రోగ్రామ్‌లోనే తప్పులు వెతుకు. ఏఐని అడక్కుండా. తప్పు దొరికినప్పుడు నీకు అన్నం సంగతి గుర్తులేనంత హుషారొస్తే ఈ రంగంలోకి రా, ఇరవై ఏళ్లు నిలబడతావు. నలభై రోజులూ గడియారమే చూస్తూ కూర్చున్నావంటే, జీతం కోసం అయిదారేళ్లు లాగగలవేమో, ఆ తర్వాత కష్టం. రామాయపట్నంలో ఓడరేవు కడుతున్నారు, రోడ్లు వేస్తున్నారు, సివిల్ వాళ్లకి పని లేదని ఎవరన్నారు? సీఎస్ఈ డిగ్రీతోనే పోటీ పరీక్షలకి వెళ్లినవాళ్లున్నారు, నిర్మాణ కంపెనీల్లో ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లినవాళ్లున్నారు, దారులు ఉన్నాయి. మీ ఇంట్లో చెప్పడానికి భయమైతే బయట బల్ల దగ్గర గంటసేపు ఉంటాను, అమ్మానాన్నల్ని తీసుకురా, నేను మాట్లాడతాను.

గుడ్లూరు నుంచి వచ్చిన పెద్దాయన ఏదో అడగాలంటున్నారు. మైకు అటివ్వండి. చెప్పండి బాబాయ్.